ఎన్నికైన ప్రభుత్వం ఉన్న దేశంలో తెగ పెద్దలకు పని ఏముంటుంది?

పార్లమెంటూ రాజ్యాంగమూ ఉన్న దేశంలో, పుట్టుక వల్ల పదవి పొందే తెగ పెద్దలు ఇంకా ఎందుకని మీరు అడిగారు. బోట్స్వానాలోని ఒక పెద్ద గ్రామంలో కొన్నేళ్లు లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేశాను కనుక ఆ దేశం సంగతే చెబుతాను. శాసనం చేయడం, భూమి పంచడం, తుది తీర్పు చెప్పడం అనే మూడు అధికారాలు తన చేతిలో లేనంతవరకు తెగ పెద్ద ప్రజాస్వామ్యానికి మేలే చేస్తాడని నా నమ్మకం.

అక్కడ తెగ పెద్దను ఖోసి అంటారు. ఆయన ఊరందరినీ సమావేశపరిచే చోటు ఖోట్లా. మంత్రి గానీ అధికారి గానీ కొత్త పథకం గురించి చెప్పదలచుకుంటే అక్కడికే వచ్చి జనం ముందు నిలబడి వివరించడం ఆనవాయితీ. నీటి సరఫరాపై జరిగిన ఒక సమావేశంలో పశువులు కాచుకునే వృద్ధుడొకరు అధికారిని గట్టిగా నిలదీస్తే, ఆయన మాట ముగిసేదాకా ఎవరూ అడ్డు తగలలేదు. అందరి తర్వాత మాట్లాడిన ఖోసి, వచ్చిన అభ్యంతరాలన్నిటినీ పేరుపేరునా గుర్తుచేసి, వాటికి జవాబు ఇవ్వవలసిందిగా అధికారిని కోరారు. వచ్చే ఎన్నికల బెంగ లేని మనిషి ఆ స్థానంలో ఉండబట్టే ప్రతిపక్షం వాళ్లు కూడా అక్కడ నిస్సంకోచంగా మాట్లాడగలిగారని నాకు అనిపించింది.

తగాదాల పరిష్కారం ఆయన రెండో బాధ్యత. పశువులు చేలో పడడం, దూషణ, చిన్నపాటి దొంగతనం వంటివి సంప్రదాయ న్యాయస్థానంలో, న్యాయవాదులు లేకుండా, వాది ప్రతివాదుల సొంత మాటల్లోనే తేలిపోతాయి. హత్య, రాజద్రోహం వంటి నేరాలు దాని పరిధిలోకి రావు. అయితే ఆచారం అన్నది ఎప్పుడూ న్యాయంగానే ఉంటుందని అనుకోవడానికి వీల్లేదు. తల్లిదండ్రుల ఇల్లు చిన్న కొడుకుకే చెందాలన్న ఙ్వాకెట్సె తెగ ఆచారం ప్రకారం, ఆ ఇంటిని ఏళ్ల తరబడి చూసుకున్న వృద్ధులైన అక్కచెల్లెళ్లకు వ్యతిరేకంగా సంప్రదాయ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఎడిత్ ముసీ, ఆమె తోబుట్టువులు హైకోర్టుకు వెళ్లి 2012లో గెలిచారు, 2013లో దేశ అత్యున్నత న్యాయస్థానం కూడా ఆ ఇల్లు వారిదేనని ధ్రువీకరించింది. పై కోర్టుకు వెళ్లే దారి లేకపోతే ఆ మహిళలు వీధిన పడేవారు, అందుకే తుది తీర్పు రాజ్యాంగ న్యాయస్థానాల దగ్గరే ఉండాలని నేను గట్టిగా అంటాను.

భూమి విషయంలో కూడా ఇంతే. 1968లో చేసి 1970లో అమలులోకి తెచ్చిన చట్టంతో భూమిని కేటాయించే అధికారం ఖోసిల నుంచి ల్యాండ్ బోర్డులకు మారింది. ఇది ఖోసిలకు రుచించలేదు. ఙ్వాకెట్సె ఖోసి రెండవ బాథోయెన్ 1969లో పదవి వదులుకొని ఎన్నికల్లో పోటీ చేసి, అప్పటి ఉపాధ్యక్షుడు క్వెట్ మసీరెను ఓడించారు. రాజకీయాల్లోకి రావాలనుకున్న పెద్ద ముందు ఆ పీఠం దిగడమే నాకు సరైనదిగా తోస్తుంది, ఎందుకంటే ఒకే మనిషి ఊరందరికీ పెద్దగానూ ఒక పార్టీకి అభ్యర్థిగానూ ఉంటే ఖోట్లాలో నోరు విప్పే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఖోసిలకు దేశస్థాయిలో ఒక సభ ఉంది. 1966 రాజ్యాంగం ఎనిమిది ట్స్వానా తెగల పెద్దలకే అందులో శాశ్వత స్థానాలిచ్చింది, మిగతా తెగల నిరసన తర్వాత 2005లో దాన్ని విస్తరించారు. సంప్రదాయ చట్టాన్ని గానీ ఖోసిల అధికారాలను గానీ తాకే బిల్లును ఈ సభకు పంపి 30 రోజులు ఆగనిదే పార్లమెంటు చర్చకు తీసుకోకూడదు. సభ చెప్పేది సలహా మాత్రమే, అలాగే ఉండాలి కూడా. కానీ ఆ సలహాను తోసిపుచ్చినప్పుడు కారణం ఏమిటో ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలన్న నిబంధన ఉంటే బాగుంటుంది. ఊళ్లో ఒక అధికారి చేస్తున్న ఆ మాత్రం పని రాజధానిలో మంత్రివర్గం ఎందుకు చేయకూడదు?