కాగితం ముక్కలకి ఏడుపేంటి అంటున్నారు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది తెనాలి. రెండో బాబు పుట్టకముందు ఓ ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా చేశాను. మూడేళ్లుగా చేత్తో పోస్టుకార్డులు తయారు చేస్తున్నాను. పాత శుభలేఖలు, చీరల డబ్బాల అట్టలు, క్యాలెండర్ బొమ్మలు కత్తిరించి అతికిస్తాను, పైన రంగులు వేస్తాను. ఇదే ఇష్టం ఉన్నవాళ్లం ఒకరి అడ్రస్ ఒకరం తీసుకుని పోస్టులో పంపుకుంటాం. విదేశాల వాళ్లూ ఉన్నారు. ఈ ఏడాది నేను 31 పంపితే నాకు వచ్చినవి 19. రోజుకొకటి ఏదో ఒకటి చేయాలని మొక్కులా పెట్టుకున్నాను. 112 రోజులు చేశాక బాబుకి డెంగీ వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత చెయ్యి ఆడటం లేదు. ఇంకా ఏడుగురికి బాకీ ఉన్నాను, తలుచుకుంటేనే టెన్షన్. "ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఇంటి అడ్రస్ ఇస్తావా? ఇల్లంతా చెత్త" అంటారు మావారు. పోయిన నెల అత్తగారు నా అట్టపెట్టెని పాత పేపర్లతో కలిపి అమ్మేశారు. అందులో నాకొచ్చిన కార్డులు తొమ్మిది ఉన్నాయి. రెండు రోజులు ఏడ్చాను. "కాగితం ముక్కలకి ఏడుపేంటి" అని నవ్వారు. అప్పటి నుంచి ఆవిడతో మాట్లాడటం లేదు. నిద్ర సరిగా పట్టడం లేదు, తిండి సహించడం లేదు. ఆవిడ రోజూ అరగంట ముగ్గు వేస్తే ఎవరూ ఏమీ అనరు. మామగారు పోయి ఎన్నో ఏళ్లయినా ఆయన ఉత్తరాలు తీగకి గుచ్చి గదిలో వేలాడదీసుకున్నారు, ఎవర్నీ ముట్టుకోనివ్వరు. నాది చిన్నపిల్లతనమా? అన్నీ మానేయమంటారా?

జవాబు:

అమ్మా, ముందు ఆ తొమ్మిది కార్డుల సంగతి. పోయినవి కాగితాలే అయితే మీరు ఏడ్చేవారు కాదు. ఎక్కడో ఒకావిడ ఓ సాయంత్రం కూర్చుని మీ పేరు తలుచుకుంటూ కత్తిరించి అతికించిన కార్డులవి. అంచుల్లో ఎండిన జిగురు మీద వేలిముద్ర, సగం పడీ పడని పోస్టు ముద్ర, ఎక్కడో వాన చుక్క పడి అలుక్కుపోయిన మీ ఇంటి నంబరు. అలాంటివి పోతే బాధపడతాం. అది చిన్నపిల్లతనం కాదు. మానేయమని నేను చెప్పను.

రెండో మాట ఆరోగ్యం గురించి. నెల రోజులుగా నిద్ర లేదు, తిండి సహించడం లేదు అంటున్నారు. బాబు డెంగీతో పడుకున్నప్పుడు మీరు పడిన భయం ఇంకా మీ ఒంట్లోనే ఉండి ఉంటుంది. ఈ వారంలోనే ఓసారి డాక్టరుకి చూపించుకోండి. రాత్రిపూట మనసు మరీ బరువెక్కితే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. కార్డుల సంగతి తేలితే అన్నీ అవే సర్దుకుంటాయని వాయిదా వేయకండి.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరం చదువుతుంటే నాకు కనిపించినవి అంకెలు. 31, 19, 112, ఏడు, తొమ్మిది. ఏ కార్డు మీద ఏం బొమ్మ వేశారో, ఏ రంగు కుదిరిందో, ఏ కార్డు పోస్టు డబ్బాలో వేయడానికి మనసు ఒప్పలేదో ఒక్క ముక్క రాయలేదు. డ్రాయింగ్ టీచరమ్మ ఉత్తరంలో ఒక్క రంగు పేరు కూడా లేదు! మీకు ఊపిరి ఆడటానికని మొదలుపెట్టిన పని ఎప్పుడో చీటీ పాటలా మారిపోయింది. ఇంట్లో మీరు చేసేదాన్ని ఎవరూ తలెత్తి చూడటం లేదు. దాంతో చూసేవాళ్లని పోస్టులో వెతుక్కున్నారు. అక్కడా పన్నెండుగురు పలకకపోయేసరికి ఇంట్లో గాయమే మళ్లీ రేగింది. నాకు అర్థమైనంతలో మీ కష్టం ఇదే.

శ్రావణమాసంలో పేరంటానికి వెళ్లి ఉంటారు కదా. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. పుచ్చుకున్నావిడ మళ్లీ తన పేరంటానికి మనల్ని పిలవకపోతే, ఇచ్చిన శనగలు లెక్కపెట్టుకుని బాధపడతామా? ఈ కార్డుల పద్ధతి కూడా పుట్టినప్పుడు అలాంటిదే. న్యూయార్క్‌లో రే జాన్సన్ అనే చిత్రకారుడు 1950లలోనే కాగితాలు కత్తిరించి, అతికించి తెలిసినవాళ్లకి పోస్టు చేసేవారు. చాలాసార్లు 'దీనికి నువ్వూ ఏదైనా కలిపి ఫలానా వాళ్లకి పంపు' అని రాసేవారు. మెయిల్ ఆర్ట్ అని ఇవాళ మనం అంటున్నది అలా చేతులు మారుతూ పెరిగింది. ఇంకో చిన్న సంగతి, మామూలు పోస్టులో వేసిన కార్డు చేరిందో లేదో తెలుసుకునే దారి ఉండదు. ఆ పన్నెండు మందిలో కొందరు పంపే ఉంటారు, దారిలో పోయి ఉంటాయి. కొందరికి మీ కార్డే అంది ఉండదు. కార్డు రాలేదని మీరు బాధపడుతున్న చోట అవతల ఇంకొకరు కూడా అలాగే ఎదురుచూస్తూ ఉండొచ్చు.

బాకీ ఉన్న ఏడుగురికీ ఈ ఆదివారం తలా ఓ కార్డు ముక్క రాసి పడేయండి. పోస్టాఫీసులో దొరికే అర్ధరూపాయి కార్డు, బొమ్మ లేకుండా. "ఉభయకుశలోపరి. మా బాబుకి డెంగీ వచ్చి తగ్గింది. మీ కార్డు ఆలస్యమవుతుంది, ఎప్పటికి పంపగలనో చెప్పలేను" అంటే చాలు. ఆ కార్డు విదేశాలకి వెళ్లదు కాబట్టి అక్కడి వాళ్లకి మెసేజ్ పెట్టండి. మూడు నెలలపాటు కొత్త అడ్రస్ ఒక్కటీ తీసుకోకండి. తర్వాత నెలకి ఒక్కటి. ఎవరైనా కోపగించుకుంటే కోపగించుకోనివ్వండి. పంపినవీ వచ్చినవీ రాసుకునే డైరీని మాత్రం అటక మీద పెట్టేయండి.

రోజుకొకటి అన్న మొక్కు గురించి కాస్త ఎక్కువ చెప్పాలనుంది.

ఆన్ కవారా అని ఓ జపాన్ చిత్రకారుడు ఉండేవారు. 1968 నుంచి 1979 దాకా ఆయన రోజుకి రెండు పోస్టుకార్డులు పంపేవారు. వాటి మీద ఆయన బొమ్మ వేసింది లేదు. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి బజారులో దొరికే మామూలు కార్డులే. వెనకాల రబ్బరు స్టాంపులతో ఆ రోజు తాను ఎన్ని గంటలకి లేచారో ముద్ర వేసి తెలిసినవాళ్లకి పోస్టు చేసేవారు, అంతే. ఆ కార్డుల్ని తర్వాత పెద్ద పెద్ద మ్యూజియంలు దాచుకున్నాయి. నేను చెప్పదలుచుకున్నది మ్యూజియంల గురించి కాదు. రోజూ చేసే పని అంత చిన్నదిగా ఉండొచ్చని. మీరు అలసిపోయి ఉన్న రోజున, జ్వరంతో ఉన్న రోజున కూడా చేయగలిగినదే రోజూ నిలుస్తుంది.

బాబు పడుకున్న రోజుల్లో మీరు ఓ కాగితం మీద రాసుకునే ఉంటారు. ఎన్నింటికి జ్వరం చూశారో, ఎంత ఉందో, ఎన్నిసార్లు నీళ్లు తాగాడో, ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయన్నారో. అది మందుల కవరు వెనకో, నోటుబుక్కు చించిన పేజీ మీదో ఇంట్లో ఎక్కడో ఉంటుంది. దాన్ని వెతకండి. నా లెక్కలో మీ 113వ రోజూ, 114వ రోజూ ఆ కాగితంలోనే ఉన్నాయి. కంగారులో వంకర పోయిన ఆ అంకెలకన్నా నిజమైన గీత మీరు ఈ ఏడాది గీసి ఉండరు. దొరికితే ఓ అట్ట మీద అతికించండి. ఎవరికీ పంపకండి, మీ దగ్గరే ఉంచుకోండి.

ఆ తర్వాత మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టకండి. లెక్కే వద్దు. అరచేయంత కార్డు, పదిహేను నిమిషాలు, చేతికి దొరికిన ఒక్క వస్తువు. జపాన్‌లో ఎతెగామి అని ఓ పద్ధతి ఉంది. కార్డు మీద ఓ కాయో పువ్వో వేసి, పక్కన రెండు మాటలు రాసి పంపుకుంటారు. దాన్ని జనంలోకి తెచ్చిన కొయికె కునియో చెప్పిన మాట, బాగా రాకపోయినా ఫర్వాలేదు, బాగా రాకపోతేనే బాగుంటుంది అని. కుంచెని చివర పట్టుకుని, చెయ్యి వణికినా సరే మెల్లగా గీస్తారు. టీచరుగా చేసినవారు కాబట్టి మీకిది కష్టంగానే ఉంటుంది. గీత వంకర పోతే దిద్దాలనిపిస్తుంది. దిద్దకండి. కూరకి తరిగే ముందు ఓ వంకాయ పక్కన పెట్టుకుని, దాని ముచ్చిక మీద ముళ్లు కూడా వేసి, "ఇవాళ గుత్తివంకాయ. బాబు రెండు ముద్దలు తిన్నాడు" అని రాయండి. ఆ పూటకి అది చాలు. వేయలేని రోజు వదిలేయండి.

మీవారి మాటల్లో ఒకటి మాత్రం న్యాయమే. తెలియనివాళ్లకి ఇంటి అడ్రస్ ఇవ్వడం గురించి ఆయన భయపడటంలో తప్పు లేదు. మీ పోస్టాఫీసులో అడిగి పోస్ట్ బాక్స్ అద్దెకి తీసుకోండి. పిల్లల పేర్లు, స్కూలు వివరాలు, ఫోటోలు కార్డుల మీద వేయకండి. ముందు ఈ పని చేసేసి, "మీరు చెప్పింది నిజమే, ఇలా చేశాను" అని ఆయనకి చెప్పండి. ఆ తర్వాత మీకు కావాల్సింది అడగండి. నా కళని గౌరవించడం లేదని మొదలుపెడితే అది గొడవ దగ్గర ఆగుతుంది. "రాత్రి తొమ్మిది నుంచి తొమ్మిదింపావు దాకా పిల్లల్ని మీరు చూడండి" అని అడగండి. పదిహేను నిమిషాలంటే ఆయనకి అర్థమవుతుంది, కాదనడానికీ ఏమీ ఉండదు. ఒకవేళ కాదంటే అప్పుడు మాట్లాడుకోవాల్సింది కార్డుల గురించి కాదు, మళ్లీ నాకు రాయండి.

అత్తగారి దగ్గరికి వద్దాం. ఆవిడ ముగ్గుని ఎవరూ ఏమీ అనరని రాశారు. ఎందుకు అనరో గమనించారా? ముగ్గు డబ్బాకి ఓ చోటుంది, ముగ్గుకి ఓ వేళుంది. ఇంటిల్లిపాదికీ తెలుసు. మీ సరంజామా మంచం కింద, బీరువా మీద, డైనింగ్ టేబుల్ మీద తిరుగుతూ ఉంటుందని మీ ఉత్తరాన్ని బట్టే అనుకుంటున్నాను. ఓ ట్రంకుపెట్టె కొనండి. మూత మీద మీ పేరు పెయింటుతో రాయండి, చుట్టూ లతలు వేయండి. అలాంటి పెట్టెని పాత పేపర్లతో ఎవరూ వేయరు.

ఆవిడ తెలిసే చేశారని మీరు అనుకుంటున్నట్టుంది. నాకు అంత నమ్మకంగా లేదు. మా అమ్మ దగ్గర ఓ డాల్డా డబ్బా ఉండేది, నేను హాస్టల్ నుంచి రాసిన ఉత్తరాలన్నీ అందులో పెట్టుకునేది. ఇల్లు మారేటప్పుడు దాన్ని పారేసింది నేనే. తుప్పు పట్టిన డబ్బా, లోపల పాత కాగితాలు, అంతకుమించి నాకేమీ కనపడలేదు. అమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. నేనేం చేశానో నాకు అర్థమయ్యేసరికి అమ్మ లేదు. పారేసేవాళ్లకి ఆ కాగితాల్లో ఏముందో కనపడదమ్మా, ఎవరో ఒకరు చెప్పాలి. నవ్వినందుకు మాత్రం ఆవిడది తప్పే. ఆ మాట మీరు ఆవిడతోనే చెప్పొచ్చు. "పెట్టె పోయినదానికన్నా మీరు నవ్వినందుకు ఎక్కువ బాధేసింది అత్తయ్యా" అని, ఒక్కసారి, గొంతు పెంచకుండా.

మీ ఊరికి దగ్గర్లోనే తుమ్మపూడి ఉంది. చిత్రకారుడు, రచయిత సంజీవదేవ్ గారు అక్కడి పల్లెటూరి ఇంట్లో కూర్చునే దేశవిదేశాల కళాకారులకి, రచయితలకి ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలు తర్వాత పుస్తకాలుగా వచ్చాయి. శాంతినికేతన్‌లో చిత్రకారుడు నందలాల్ బోస్ తన శిష్యులకీ స్నేహితులకీ పోస్టుకార్డుల మీద బొమ్మలు వేసి పంపేవారు. మీరు చేస్తున్న పనికి మన దగ్గరే ఇంత వంశం ఉంది. ఇది మీ కోసం చెబుతున్నాను, ఇంట్లో వాదించడానికి కాదు. మీ అత్తగారికి ఈ పేర్లు అక్కర్లేదు. ఆవిడ గదిలో ఆ తీగ ఉంది.

మీ ఉత్తరంలో ఆ తీగ మాట ఫిర్యాదులా రాశారు. నాకైతే ఆ ఇంట్లో మీ బాధ అర్థమయ్యే మనిషి ఎవరైనా ఉంటే ఆవిడేననిపించింది. కింద చెక్క బిళ్ళ, పైన కొక్కెం, మధ్యలో ఒకదాని మీద ఒకటి గుచ్చిన కార్డులు, ఇన్‌లాండ్ కవర్లు. ప్రతిదానికీ సరిగ్గా నడిమధ్యలో చిల్లు, చిల్లు చుట్టూ తుప్పు మరక. పోయిన మనిషి చేతిరాతని అంత భద్రంగా కాపాడుకుంటున్నావిడకి, రాసిన కాగితం విలువేమిటో మీరు చెప్పాల్సిన పని లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, పిల్లలు స్కూల్లో ఉన్నప్పుడు ఆవిడ గదిలోకి వెళ్లి కూర్చోండి. పెట్టె ఊసు ఆ రోజుకి వద్దు. "మామయ్యగారి ఉత్తరం ఒకటి చదివి వినిపిస్తారా" అని అడగండి. తీయనంటే ఊరుకోండి, నాలుగు రోజులాగి మళ్లీ అడగండి. తీస్తే ఆవిడే చదవాలి, మీరు చేతిలోకి తీసుకోవద్దు. అతికించే అలవాటున్నవాళ్లకి పాత ఇన్‌లాండ్ నీలం రంగు చూడగానే చెయ్యి కత్తెర వైపు పోతుంది, నాకు తెలుసు. అసలు ఉత్తరం మీద కత్తెర పెట్టకండి. ఆవిడ సరేనంటే జిరాక్స్ తీయించుకోండి, అదీ ఆవిడ వెంట ఉండగా.

మామగారు మొదటి ఉత్తరంలో ఆవిడని ఏమని పిలిచారో నాకూ తెలుసుకోవాలనుంది. ఆవిడ చెప్పనిస్తేనే రాయండి. కార్డు మీద రాయండి, పక్కన వంకాయ ఉన్నా లేకపోయినా.