పొలమారే బిడ్డకి బువ్వ పెట్టే తీరు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బాబుకి నాలుగేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కండరాలు అదుపులో ఉండని స్థితి). మెడ నిలబడదు. ఒళ్లో పడుకోబెట్టి తినిపిస్తే పూటకి గంట పడుతోంది, పొలమారుతూనే ఉంటాడు. ఏడాదిలో రెండుసార్లు నిమ్ము చేసింది. "నీ కడుపే అలాంటిది" అంటారు అత్తగారు. ఆంధ్రాలోని పాతపట్నంలో మా పుట్టింటి చిరునామాతో వికలాంగుల పింఛను పెట్టించుకోమని కొందరంటున్నారు.

జవాబు: అమ్మా, ముందు నిమ్ము సంగతి. పొలమారడమూ, మళ్లీమళ్లీ నిమ్ము చేయడమూ కలిసి వస్తున్నాయంటే మెతుకో, నీళ్లో ఊపిరితిత్తుల్లోకి జారుతున్నాయేమో అని అనుమానించాలి. పడుకోబెడితే తల వెనక్కి వాలి, ముద్ద మింగకముందే గొంతులోకి జారిపోతుంది. ఈ రోజు నుంచే ఆ పద్ధతి మానండి.

నడుము కుర్చీ వీపుకి ఆనేలా కూర్చోబెట్టండి. రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్లు, పాదాల కింద పీట. కాళ్లు వేలాడితే ఒళ్లంతా బిగుసుకుపోతుంది. మీరు ఎదురుగా, వాడి కళ్లకన్నా కాస్త కిందగా కూర్చోండి. చెంచా పైనుంచి వస్తే వాడు గడ్డం ఎత్తుతాడు. గడ్డం కొంచెం కిందికి వంగి ఉండాలి. చిన్న చెంచాలో సగమే తీసుకుని, నాలుక మీద మెల్లగా నొక్కి తీయండి. గుటక పడ్డాకే రెండోది.

ఎక్కువగా పొలమారేది పల్చటి నీళ్లకే. చోడి (రాగి) అంబలి, పప్పన్నం గరిటజారుగా మెత్తగా చేసి, ఒక చెంచా నెయ్యి కలపండి. ఒక పూట అరగంట దాటనివ్వకండి. అలసిన పిల్లాడికి మింగడం తప్పుతుంది. బదులుగా రోజుకి అయిదారుసార్లు పెట్టండి. తిన్నాక అరగంట నిటారుగానే ఉంచండి.

తిన్న తర్వాత గొంతు గరగరలాడినా, అంగన్‌వాడీలో తూచే బరువు రెండు మూడు నెలలు పెరగకపోయినా పిల్లల డాక్టరుకి చూపించండి. పెదాలు నీలంగా మారితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇలా పెట్టినా పొలమారుతుంటే, కొన్నాళ్లు గొట్టంతో ఆహారం ఇవ్వాలంటారేమో. భయపడకండి, అది ఓటమి కాదు.

జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (ఎదుగుదల లోపాలున్న పిల్లల్ని చూసే కేంద్రం) గురించి అడగండి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద 18 ఏళ్ల వరకు పిల్లలకు సేవలు ఉచితం. యూడీఐడీ కార్డు, అంటే వైకల్య గుర్తింపు కార్డు, దేశమంతా చెల్లుతుంది కాబట్టి పుట్టింటి చిరునామా అక్కర్లేదు. చిన్న పిల్లలకు చాలాసార్లు తాత్కాలిక వైకల్య సర్టిఫికెట్ ఇస్తారు, గడువు తేదీ చూసుకోండి. పింఛను మాత్రం మీరు నివసించే రాష్ట్రమే ఇవ్వాలి. ఒడిశాలో ఆ ప్రభుత్వం ఇచ్చేది మధుబాబు పింఛను, దానికి ఏ అర్హతలు కావాలో ముందే కనుక్కోండి. లేని చిరునామా పెడితే తర్వాత రద్దయి, తీసుకున్న డబ్బు తిరిగి కట్టాల్సి రావచ్చు.

అత్తగారి మాట మిమ్మల్ని ఎంత కోస్తుందో తెలుసు. ఇది ఎదిగే మెదడుకి తగిలిన దెబ్బ. మీరు తిన్నదీ కాదు, గ్రహణం నాడు తిరిగినదీ కాదు. డాక్టరు దగ్గరికి ఈసారి ఆవిడనీ, మీ ఆయననీ తీసుకెళ్లి, ఆ మాట డాక్టరు నోటే చెప్పించండి. తర్వాత సాయంత్రం అంబలి ఆవిడ చేతే పట్టించండి. మొదటి నాలుగు రోజులు పక్కనే కూర్చుని, గడ్డం ఎంత వంచాలో, గుటక ఎలా గమనించాలో చూపించండి.