ప్యాకేజీల పనిని ఓవర్లేలకు పంచేముందు చూసుకోవాల్సినవి

జెంటూ లినక్స్ మీద కట్టిన చిన్న డిస్ట్రో (లినక్స్ పంపిణీ) మీది. ప్యాకేజీలన్నీ ఒకే గిట్ రిపాజిటరీలో ఉన్నాయి, కమిట్ హక్కు ముగ్గురికే ఉంది, పుల్ రిక్వెస్టులు నెలల తరబడి మూలుగుతున్నాయి. తలా ఒక ఓవర్లే (మెయిన్ ట్రీకి, అంటే మెయిన్ రిపాజిటరీకి, అదనంగా చేర్చుకునే విడి ప్యాకేజీ రిపాజిటరీ) ఇచ్చేస్తే గొడవ వదులుతుందా అని అడిగారు. ఇవ్వొచ్చు, కానీ అన్నీ ఇచ్చెయ్యకండి. చివరి వాడకందారు నేరుగా నడిపే ప్రోగ్రాములు, ఫాంట్లు, థీమ్‌లు, ఆటలు బయటికి పంపండి. టూల్‌చెయిన్ (కంపైలర్, దాని తోడు సాధనాలు), ఈక్లాసులు (చాలా ప్యాకేజీలు పంచుకునే బిల్డ్ కోడ్), పదిమంది ఆధారపడే లైబ్రరీలు మెయిన్ ట్రీలోనే ఉండాలి.

ఏది ఎటు పోవాలో ఊహించి చెప్పక్కర్లేదు. ప్రతి ప్యాకేజీ మీద ఏవేవి ఆధారపడుతున్నాయో ఈక్వెరీ డిపెండ్స్ అనే కమాండ్‌తో తీయండి. మామూలుగా అది మీ మెషీన్‌లో ఇన్‌స్టాల్ అయినవే చూపిస్తుంది, అన్ని ప్యాకేజీలనూ వెతికే ఆప్షన్ ఇవ్వడం మరిచిపోవద్దు. జాబితా ఖాళీగా వస్తే ఆ ప్యాకేజీని నిశ్చింతగా పంపొచ్చు. ఆధారపడేవన్నీ ఒకే టీమ్ చేతిలో ఉంటే గుంపుగా పంపండి. జెంటూలో హాస్కెల్, కేడీఈ టీమ్‌ల ఓవర్లేలు ఇలా గుంపుగా నడిచేవే. కొత్త వెర్షన్లు, నేరుగా గిట్ నుంచి బిల్డ్ అయ్యే 9999 వెర్షన్ ఈబిల్డ్‌లు (ప్యాకేజీని ఎలా బిల్డ్ చెయ్యాలో చెప్పే ఫైళ్లు) అక్కడ నలిగాకే మెయిన్ ట్రీకి వస్తాయి.

అసలు తంటా లైబ్రరీల దగ్గర. వేరు కాపురాలు పెట్టినా బావి ఉమ్మడిదే. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 నుంచి 3కి మారినప్పుడు సబ్‌స్లాట్ (దానిమీద ఆధారపడేవి మళ్లీ బిల్డ్ కావాలని చెప్పే గుర్తు) 0/1.1 నుంచి 0/3 అయింది. డిపెండెన్సీ చివర := రాసిన ఈబిల్డ్‌లను జెంటూ ప్యాకేజీ మేనేజర్ పోర్టేజ్ తనంతట తనే మళ్లీ బిల్డ్ చేస్తుంది. ఓవర్లేలో ఎవరో అది రాయలేదనుకోండి, పోర్టేజ్‌కి విషయమే తెలియదు. ప్రిజర్వ్-లిబ్స్ ఫీచర్ పాత లైబ్రరీ ఫైలును అట్టే ఉంచుతుంది కాబట్టి ప్రోగ్రాం పైకి బాగానే నడుస్తుంది. కానీ అది నడుస్తున్నది సెక్యూరిటీ సవరణలు రాని పాత లైబ్రరీ మీద. దీనికి తాత్కాలిక మందు @ప్రిజర్వ్డ్-రీబిల్డ్ సెట్‌ను ఎమర్జ్ కమాండ్‌తో మళ్లీ బిల్డ్ చెయ్యడం, అసలు మందు ఈబిల్డ్‌లో := చేర్చడం. ఇంకొందరు 3 కంటే తక్కువ వెర్షనే కావాలని డిపెండెన్సీకి పైహద్దు పెట్టేస్తారు. ఆ ఒక్క లైన్ వల్ల ఆ మెషీన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అప్‌గ్రేడే ఆగిపోతుంది, ఫిర్యాదేమో మెయిన్ ట్రీ వాళ్ల బగ్ ట్రాకర్‌కి వస్తుంది. పైహద్దు పెట్టాల్సి వస్తే పక్కనే అప్‌స్ట్రీమ్ (అసలు ప్రోగ్రాం రాసేవాళ్ల) బగ్ నంబర్ ఉండాలని రూల్ పెట్టుకోండి.

రెండోది వెర్షన్ల పోటీ. మెయిన్ రిపాజిటరీకి పోర్టేజ్ ఇచ్చే డిఫాల్ట్ ప్రయారిటీ -1000. అంటే ఒకే వెర్షన్ రెండు చోట్లా ఉంటే ఓవర్లేదే గెలుస్తుంది. వెర్షన్ నంబర్ పెద్దదైతే ప్రయారిటీతో పనే లేదు, అది ఏ ఓవర్లేలో ఉన్నా అదే ఎక్కుతుంది. అందుకే వాడకందారులకు ముందే చెప్పండి: ప్యాకేజ్.మాస్క్‌లో */*::ఓవర్లే-పేరు అని మొత్తం మూసేసి, కావలసిన ప్యాకేజీని మాత్రం ప్యాకేజ్.అన్‌మాస్క్‌లో అదే ::ఓవర్లే-పేరు తగిలించి తెరవాలి. మెయిన్ ట్రీలో ఉన్న ప్యాకేజీకి ఓవర్లేలో ఇంకో కాపీ పెట్టడం మాన్పించండి. జెంటూ వాడకందారులు కలిసి నడిపే గురు రిపాజిటరీలో ఈ నియమం ఉంది.

రివ్యూ పద్ధతి కూడా గురు నుంచే తీసుకోండి. అక్కడ కొత్తవాళ్లు డెవ్ బ్రాంచ్‌కి నేరుగా పుష్ చేస్తారు, నమ్మకం సంపాదించిన కొందరు చూసి మాస్టర్‌లో కలుపుతారు. వాడకందారుల మెషీన్లకు చేరేది మాస్టరే. పుష్ హక్కు పదిమందికి ఇచ్చినా ప్రమాదం ఒక గేటు దగ్గర ఆగుతుంది. మనిషికో ఓవర్లే కంటే ఇలాంటి ఉమ్మడి ఓవర్లే ఒకటి, టీమ్‌లవి రెండో మూడో చాలు. ఒక్కరి ఓవర్లేకి రివ్యూ చేసే నాథుడు ఉండడు.

ఇక సెటప్. ఓవర్లేలోని లేఅవుట్.కాన్ఫ్ ఫైలులో మాస్టర్స్ లైన్‌లో మీ మెయిన్ ట్రీ పేరు రాయండి, ఈక్లాసులు ఎక్కడినుంచి తీసుకోవాలో చెప్పేది అదే. థిన్ మానిఫెస్ట్‌లు (డౌన్‌లోడ్ చేసే సోర్స్ ఫైళ్ల హ్యాష్‌లు మాత్రమే ఉండే జాబితాలు) ఆన్ చెయ్యండి, హ్యాష్‌లు బ్లేక్2బి, ఎస్‌హెచ్‌ఏ512 రెండూ పెట్టండి. ఈబిల్డ్‌లలో తప్పులు పట్టే పీకేజీచెక్ స్కాన్‌ను పుష్ అయినప్పుడు నడిపితే సరిపోదు. ఓవర్లేలో ఒక్క కమిట్ లేకుండానే అది చెడిపోతుంది, ఎందుకంటే మార్పు వచ్చేది మెయిన్ ట్రీలో: పాత వెర్షన్ తీసేస్తారు, యూజ్ ఫ్లాగ్ (బిల్డ్‌లో ఒక సౌకర్యం ఉండాలో వద్దో చెప్పే స్విచ్) పేరు మారుస్తారు, ఈక్లాస్ పాత ఈఏపీఐకి (ఈబిల్డ్ రాసే నియమాల వెర్షన్‌కి) సపోర్ట్ ఆపేస్తుంది. అన్ని ఓవర్లేలనూ తాజా మెయిన్ ట్రీ పక్కన పెట్టి రోజూ రాత్రి ఒకసారి స్కాన్ నడపండి, తప్పులు మెటాడేటా.ఎక్స్‌ఎంఎల్‌లో ఉన్న మెయింటైనర్‌కే మెయిల్ పోవాలి. అదే జాబ్‌లో మెటాడేటా క్యాష్ తయారుచేసే ఈజెన్‌క్యాష్ కూడా పెట్టండి. మెటాడేటా క్యాష్ లేని ఓవర్లే ఉంటే పోర్టేజ్ ప్రతి ఈబిల్డ్‌నూ బ్యాష్‌లో చదువుకోవాలి, రెండు మూడు వందల ఈబిల్డ్‌లు ఉంటే ఆ నత్తనడక బాగా తెలుస్తుంది.

సోర్స్ ఫైళ్ల సంగతీ చూడండి. ఓవర్లేల టార్‌బాల్‌లు (సోర్స్ ఆర్కైవ్‌లు) జెంటూ మిర్రర్లలో ఉండవు, అప్‌స్ట్రీమ్ సైట్ పోతే బిల్డ్ కూడా పోయినట్టే. గిట్‌హబ్ అప్పటికప్పుడు తయారుచేసే ఆర్కైవ్‌ల కంప్రెషన్ 2023 జనవరి 30న మారినప్పుడు చెక్‌సమ్‌లు ఎన్నో చోట్ల తప్పాయి, తర్వాత ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. రిలీజ్‌కి విడిగా అప్‌లోడ్ చేసిన టార్‌బాల్ ఉంటే దాన్నే వాడమనండి.

నమ్మకం విషయంలో మొహమాటం వద్దు. ఇన్‌స్టాల్ అయ్యాక నడిచే పోస్ట్‌ఇన్‌స్ట్ ఫంక్షన్ రూట్ హక్కులతో నడుస్తుంది. కాబట్టి ఓవర్లే చేర్చుకోవడమంటే దాని మాస్టర్ బ్రాంచ్‌కి పుష్ హక్కున్న అందరికీ మీ మెషీన్‌లో రూట్ ఇచ్చినట్టే. కమిట్‌లకు జీపీజీ సంతకం తప్పనిసరి చెయ్యండి, రిపాజిటరీల సెట్టింగులుండే రెపోస్.కాన్ఫ్‌లో సింక్ అప్పుడు సంతకం సరిచూసే సెట్టింగ్ ఆన్ చేసి ఇవ్వండి.

మెయిన్ ట్రీ నుంచి ఏదైనా తీసేసేముందు జెంటూలో లాగే 30 రోజులు మాస్క్‌లో ఉంచి, కారణం రాసి, ఓవర్లే మెయింటైనర్లందరికీ తెలియజేయండి. ఓవర్లే యజమాని కనబడకుండా పోతే ఎన్నాళ్లకు వేరేవాళ్లకు అప్పగించాలన్నది కూడా మొదటిరోజే రాసి పెట్టుకోండి. ఆ రిపాజిటరీ ఎవరి సొంత అకౌంట్‌లోనో కాకుండా డిస్ట్రో పేరున్న ఆర్గనైజేషన్ కింద ఉంటేనే ఆ రూల్ అమలవుతుంది.