మోసెల్ లోయలో తొలి ద్రాక్షకోతకు వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

గైసెన్‌హైమ్ వైన్ విద్యాలయంలో చదువు మధ్యలో, జర్మనీలోని మోసెల్ నది ఒడ్డున ఒక పాత కుటుంబం తోటలో, వైన్ కోసం పెంచే రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష కోతకు కుదిరావని మీ అమ్మ చెప్పింది. ఆ కొండల మీద పది శరత్తులు బుట్ట మోసినవాణ్ణి కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు మంచి పట్టున్న బూట్లు కొనుక్కో. బ్రెమ్ ఊరి దగ్గర కాల్మోంట్ కొండ వాలు కొన్నిచోట్ల 60 డిగ్రీలు దాటుతుంది. మిగతా తోటలు అంత నిటారుగా లేకపోయినా, కాలి కింద ఉండేది చాలావరకు పలకరాయే. మనం చిన్నప్పుడు అక్షరాలు దిద్దిన పలక ఏ రాతితో చేస్తారో ఆ రాయే. పగలంతా ఎండను దాచుకుని రాత్రి తీగకు వెచ్చదనం ఇచ్చేదీ అదే, తడిస్తే కాలిని జార్చేదీ అదే. మొదటి ఏడాది నునుపు అడుగుల బూట్లతో వెళ్ళి, బుట్టెడు పళ్ళతో సహా జారిపడ్డాను. ఆ ఇంటి ముసలమ్మ ఒక్క మాటా అనకుండా రాళ్ళ మధ్య పళ్ళను ఏరుతుంటే, తిట్టినా బాగుండేదనిపించింది.

తోట అంటే ఒకేచోట ఉంటుందనుకోకు. ఫ్రెంచి పాలనలో వచ్చిన చట్టం ప్రకారం పిల్లలందరికీ సమాన వాటాలు పంచుతూ రావడంతో, మన పొలాలు అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలైనట్టే అక్కడి తోటలూ చీలికలయ్యాయి. ఏ ముక్క ఏ తాత వాటా, ఎక్కడ ముందు పండుతుంది అన్నది పుస్తకంలో దొరకదు కాబట్టి, ఆ ఇంటి పెద్దవారి వెంట నడుస్తూ అడిగి తెలుసుకో. వాళ్ళంతట వాళ్ళు "నువ్వు" అనమని చెప్పేదాకా అందరినీ మన "మీరు"కు సరిపడే జర్మన్ మాటతోనే పిలువు.

ఇక కోత. రీస్లింగ్ ఆలస్యంగా పండే రకం కనుక, ఒకే వరుసకు రెండు మూడు సార్లు రావలసి ఉంటుంది. కోసేటప్పటికి పండు ఎంత పక్వమైందన్న దాన్ని బట్టి అక్కడ వైన్ తరగతులకు పేర్లుంటాయి. కబినెట్‌కు ముందుగా, స్పేట్‌లేజ్‌కు తరువాత, ఔస్‌లేజ్‌కు ఇంకా ఆగి కోస్తారు. ఐస్‌వైన్‌కైతే చలి సున్నాకు 7 డిగ్రీల కిందికి దిగాలి, పళ్ళు తీగ మీదే గడ్డకట్టాలి. గుత్తిని కత్తిరించగానే బుట్టలో వేయకు. అరచేతిలో తిప్పి, వెనక వైపు, నడుమ వైపు చూడు. ఊదారంగుకు తిరిగి, ఎండుద్రాక్షలా ముడతలు పడి, సన్నని బూడిదరంగు నూగు పట్టిన పండు బొట్రైటిస్ అనే బూజు సోకినది. అందులో తీపి చిక్కబడుతుంది, దాన్ని విడిగా పెట్టమంటారు. వెనిగర్ వాసన కొట్టే పండును మాత్రం కత్తెర మొనతో గిల్లి నేల మీద పారేయి. ఈ రెంటికీ తేడా కన్ను కంటే ముక్కు ముందుగా చెబుతుంది కనుక, కోత రోజుల్లో అత్తరు పూసుకోకు. తొందరపడి ఎక్కువ బుట్టలు నింపేవాడి కంటే, గుత్తి తిప్పి చూసేవాడినే ఆ ఇంటివారు మరుసటి ఏడాది మళ్ళీ పిలుస్తారని నా అనుభవం.

నేలమాళిగలో ఒక్కొక్కటీ సుమారు 1000 లీటర్లు పట్టే ఓక్ పీపాలు ఉంటాయి. వాటిని ఫూడర్ అంటారు. రసం పులుస్తున్న రోజుల్లో పుట్టే కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు కనుక కింద నిలిచిపోయి ఊపిరాడనివ్వదు, దానికి వాసన ఉండదు. గాలి ఆడేలా తలుపులు తెరిచారో లేదో అడగకుండా, ఎంత చిన్న పనికైనా ఒంటరిగా మెట్లు దిగకు. చేరగానే ఫోన్ చెయ్యి.

నీ మామయ్య