ఫిజిక్స్ చదివిన అమ్మాయి ఫిలాసఫీ అంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులే మాకు ఆధారం. మా అమ్మాయి భీమవరంలో బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఎంఎస్సీ వద్దు, ఫిలాసఫీలో ఎంఏ, పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. ‘సైన్స్ చెప్పేది నిజమని మనకెలా తెలుస్తుంది’ అన్నదే తన సబ్జెక్టట. బంధువులేమో సన్యాసుల చదువంటున్నారు. సంబంధాలు కూడా వస్తున్నాయి. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అయ్యా, ముందు ఆ సన్యాసుల మాట పక్కన పెట్టండి. మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది ఏమిటో మీ చెరువు గట్టు మీదే చూపిస్తాను.

తెల్లవారుజామున నాలుగింటికి ఆక్సిజన్ చాలక రొయ్యలు పైకి తేలాయనుకోండి. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లన్నీ వేస్తారు. షాపులో ఇచ్చిన పౌడరు కూడా చల్లుతారు. ఎనిమిదింటికల్లా రొయ్య కిందికి దిగుతుంది. ‘పౌడరు భలే పనిచేసింది’ అంటారు. అది పౌడరు పనేనా? ఏరేటర్లదా? లేక ఎండ తగిలాక నీళ్లలోని నాచే ఆక్సిజన్ వదిలిందా? పౌడరు చల్లని పక్క చెరువులో రొయ్య దిగిందో లేదో కనుక్కున్నారా? ‘ఫలానాదే కారణం’ అనడానికి ఎంత రుజువు కావాలి అని తవ్వుకుంటూ పోవడమే ఆ చదువు. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పుందని ఎప్పుడు అనొచ్చు, దుమ్ము చూసి పొగనుకుంటే ఏమవుతుంది అని మన నైయాయికులు, అంటే పాతకాలపు తర్కశాస్త్ర పండితులు, వందల ఏళ్లు వాదించుకున్నది కూడా దీని గురించే.

తత్వవేత్త కార్ల్ పాపర్ 1934లో, తప్పని తేలే అవకాశం ఉన్న సిద్ధాంతమే సైన్స్ అన్నాడు. శాస్త్రవేత్తలు పాత సిద్ధాంతాన్ని అంత తేలిగ్గా వదలరని థామస్ కూన్ 1962లో చరిత్ర విప్పి చూపించాడు. ఈ కూన్ హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసింది ఫిజిక్స్‌లో. కాబట్టి మీ అమ్మాయి మూడేళ్ల చదువు వృథా అవుతుందని బెంగ పెట్టుకోకండి. ఈ దారిలో ఆమె పెట్టుబడే అది.

మనవాళ్లకీ ఇది కొత్త కాదు. గుంటూరు జిల్లా సంగంజాగర్లమూడిలో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తి గారు ఆంధ్రా యూనివర్సిటీలో ఫిలాసఫీ ప్రొఫెసర్‌గా పనిచేసి, యూనివర్సిటీల బాగోగులు చూసే యూజీసీకి వైస్ చైర్మన్ అయ్యారు. 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

ఇక ఉద్యోగం. దాచకుండా చెబుతాను, పోస్టులు తక్కువ. మన వైపు డిగ్రీ కాలేజీల్లో ఫిలాసఫీ సబ్జెక్టే అరుదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీల్లోని హ్యుమానిటీస్ విభాగాలు, కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలు, అంతే. పీహెచ్‌డీ అయ్యాక కూడా కొన్నాళ్లు గెస్ట్ ఫ్యాకల్టీగా నెట్టుకురావలసి రావచ్చు. పర్మనెంట్ పోస్టు వస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి మొదటి బేసిక్ రూ. 57,700, డీఏ అదనం. అక్కడికి చేరేసరికి ఎంఏకి రెండేళ్లు, పీహెచ్‌డీకి నాలుగు నుంచి ఆరేళ్లు పడుతుంది. అమ్మాయికి ముప్పై ఏళ్లు దగ్గర పడతాయని ఇప్పుడే మనసులో అనుకోండి.

అన్నేళ్లూ మీరే డబ్బు పంపాలా అంటే, అక్కర్లేకుండా చేసుకునే దారి ఉంది. యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, వస్తే నెలకి రూ. 37,000, రెండేళ్ల తర్వాత రూ. 42,000 ఇస్తారు. అందుకే నా సలహాకి ఒక షరతు ఉంది. ఎంఏ రెండో ఏడాది నుంచే నెట్ రాయాలి, జేఆర్‌ఎఫ్ వచ్చాకే పీహెచ్‌డీలోకి దిగాలి. రెండు మూడు సార్లు రాసినా రాకపోతే అప్పుడు మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం. ఎంఏ మాత్రం దూరవిద్యలో వద్దు. ఈ సబ్జెక్టు క్లాసులో ఎదురు ప్రశ్న వేసే మనిషి ఉంటేనే వస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిలాసఫీ శాఖ ఉంది. ప్రవేశం సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా. ఈ మధ్య ఏళ్లలో ఆ పరీక్ష మార్చిలో పెడుతున్నారు కాబట్టి డిసెంబరు నుంచే నోటిఫికేషన్ చూస్తుండండి.

పెళ్లి సంగతి మీ ఇంటి విషయం. ఒక్కటే చెబుతాను. జేఆర్‌ఎఫ్‌కి ఆడపిల్లలకు వయోపరిమితిలో అయిదేళ్ల సడలింపు ఉంది, కాబట్టి ఆ పరీక్ష కోసం కంగారు అక్కర్లేదు. సంబంధం కుదిర్చేటప్పుడు మాత్రం ఈ చదువు ఇన్నేళ్లు ఉంటుందని వాళ్లకి మొదటి రోజే చెప్పేయండి. తర్వాత చెబుతాం లే అనుకుని, పీహెచ్‌డీ మధ్యలో ఆగిపోయిన పిల్లల్ని చూశాను. ఇప్పటికీ బాధేస్తుంది.

ఒకటి మిగిలింది. ఆమెది నిజమైన ఇష్టమా, ఫిజిక్స్ లెక్కలంటే విసుగా అన్నది తేలాలి. ఎడ్మండ్ గెటియర్ అనే అమెరికన్ తత్వవేత్త 1963లో మూడు పేజీల వ్యాసం రాశాడు. జ్ఞానం అంటే ఏమిటన్న చర్చ అంతా దాంతో మలుపు తిరిగింది. ఈ రంగంలో అలా నాలుగు మాటల్లో వాదన నిలబెట్టగలగాలి, అదీ ఇంగ్లీషులో. ఈ ఆదివారం ఆమెను మీతో చెరువుకి తీసుకెళ్లండి. పౌడరు పనిచేసిందో లేదో ఎలా తేల్చాలి అన్నదాని మీద ఒక్క పేజీ ఇంగ్లీషులో రాయమనండి. మీరు ‘అలా ఎందుకు కాకూడదు?’ అని అడ్డం తగలండి, మళ్లీ రాయమనండి. మూడోసారి రాసిన పేజీ నాకు పంపండి. ఎర్ర ఇంకుతో దిద్ది పంపుతాను.