పాత పిల్లల టీవీ సిరీస్‌ని బొమ్మల కంపెనీ కొన్నాక ఏం చేస్తుంది?

ముందుగా హక్కుల లెక్క తేల్చుకుంటుంది. పేరు, లోగోలకు ట్రేడ్‌మార్క్, ఎపిసోడ్లకు కాపీరైట్, సంగీతం, డబ్బింగ్, దేశాలవారీ ప్రసారం అన్నీ వేరు వేరు హక్కులు. వీటిలో ఒక్కటి తేలకపోయినా పాత ఎపిసోడ్లు స్ట్రీమింగ్‌కి రాకపోవచ్చు. ఆలస్యాలు ఎక్కువగా ఇక్కడే. 2018లో అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో, పవర్ రేంజర్స్ అనే పిల్లల యాక్షన్ సిరీస్‌ని మరికొన్ని బ్రాండ్లతో కలిపి 52.2 కోట్ల డాలర్ల నగదు, షేర్లతో కొంది. కానీ అందులోని పోరాట దృశ్యాలు చాలావరకు జపాన్ కంపెనీ తోయీ తీసిన సూపర్ సెంటాయ్ అనే టీవీ సిరీస్‌వి. బ్రాండ్ సొంతమైనా ఆ ఫుటేజ్‌కి తోయీతో ఒప్పందం కావాల్సిందే.

ట్రేడ్‌మార్క్‌ని వాడుతూనే ఉండాలి. అమెరికాలో వరుసగా మూడేళ్లు వాడకపోతే యజమాని దాన్ని వదిలేసినట్టు చట్టం భావించవచ్చు. కొత్త సిరీస్ లేని కాలంలోనూ కలెక్టర్ల బొమ్మలు, టీషర్టులు వస్తుండటానికి అదీ ఒక కారణం.

అన్నీ కంపెనీయే తయారుచేయదు. దుస్తులు, పుస్తకాల లాంటివి లైసెన్స్‌కి ఇస్తుంది. రాయల్టీ, అంటే లైసెన్స్ తీసుకున్నవాళ్లు కంపెనీకి కట్టే వాటా, సాధారణంగా టోకు అమ్మకాల మీద. అమ్మకాలు పడిపోయినా చెల్లించాల్సిన కనీస మొత్తం కూడా ఉంటుంది. రంగులు, కొలతలు, ముఖకవళికలు కంపెనీ ఇచ్చే స్టైల్ గైడ్ (డిజైన్ నియమాల పుస్తకం) ప్రకారమే ఉండాలి, నమూనాకి ఆమోదం వచ్చాకే ఉత్పత్తి.

కష్టమంతా రూపం మార్చడంలో ఉంది. థామస్ అనే మాట్లాడే రైలింజన్ సిరీస్ హక్కులున్న హిట్ ఎంటర్‌టైన్‌మెంట్‌ని 68 కోట్ల డాలర్లకు కొన్న బొమ్మల కంపెనీ మాటెల్, 2021లో థామస్‌ని 2డీ కార్టూన్‌గా మార్చింది. చిన్నపిల్లలే లక్ష్యం కాబట్టి వ్యాపారపరంగా అర్థముంది. పాత నమూనా రైళ్లతో పెరిగిన అభిమానులు నొచ్చుకోవడమూ న్యాయమే. నా దృష్టిలో, పాత రూపాన్ని కలెక్టర్ల శ్రేణిగా విడిగా కొనసాగించడమే మెరుగు.