అట్ట వెనక పేర్లు చదవండి సామీ (ఈ నెల పాటల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: అన్నా, జాజ్ మొదలుపెట్టాలంటే మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' వినాల్సిందేనని అందరూ చెప్తే విన్నా, మళ్ళీ మళ్ళీ విన్నా, నాకేమో పెద్ద హోటల్ లాబీలో సన్నగా వేసే మ్యూజిక్ లాగే ఉండాది. చిన్నప్పుడు కొన్నాళ్ళు వయొలిన్ నేర్చుకున్నోడినే, సంగీతం బొత్తిగా తెలీదని కాదు. తప్పు నా చెవిదా, ఆల్బందా? (కె.టి. రోడ్, తిరుపతి)

జవాబు: రెండిటిదీ కాదు తమ్ముడూ, పక్కన ఫోన్ చూసుకుంటా వింటే ఏ ఆల్బమైనా అట్నే ఉంటుంది. వయొలిన్ నేర్చుకున్నా అంటున్నావు కదా, అయితే నీకు పని ఇంకా సులువు. మొదటి ట్రాక్ 'సో వాట్' పెట్టు. పాల్ ఛాంబర్స్ బాస్ (వయొలిన్ లాగే ఉండి, నిలబెట్టి మీటే పెద్ద వాయిద్యం) మీద ఒక మాట అంటాడు, మిగతావాళ్ళు రెండే రెండు దెబ్బల్లో బదులిస్తారు, పాటంతా అదే, అంతకుమించి పల్లవేం లేదు. ఇప్పుడు అసలు సంగతి చూడు, వాళ్ళు వాడే స్వరాలు అచ్చంగా మన ఖరహరప్రియ రాగానివే, గమకాలు మాత్రం ఉండవు. చేత్తో ఆదితాళం వేస్కో. ఎనిమిది ఆవర్తనాలు ఒక శ్రుతిలో నడుస్తుంది, తర్వాత నాలుగు ఆవర్తనాలు అవే స్వరాలు పెట్టుకోని శ్రుతి మొత్తం అర మెట్టు పైకి లేస్తుంది, మళ్ళీ నాలుగు కిందికొచ్చి మొదటి చోట ఉంటుంది, ఇదే చక్రం ఆఖరిదాకా. కచేరీలో శ్రుతి కదిలితే మనం గాయకుణ్ణి ఇంటికి పంపించేస్తాం, ఇక్కడ ఆ కదలడమే మజా! ఆ మలుపు ఎప్పుడొస్తాదో ముందే పసిగట్టడం వచ్చిందంటే ఇంక నీకు బోర్ కొట్టదు.

తర్వాత మనుషుల్ని విడదీసి విను. ముందు మైల్స్ ట్రంపెట్, రెండోది జాన్ కోల్‌ట్రేన్ టెనర్ సాక్సోఫోన్, మూడోది కేనన్‌బాల్ ఆడర్లీ ఆల్టో సాక్సోఫోన్, ఆ తర్వాత బిల్ ఎవాన్స్ పియానో. ఒకే స్వరాలు ఇస్తే మైల్స్ వదిలేసే చోట్లే ఎక్కువ, కోల్‌ట్రేన్‌కి ఖాళీ అంటేనే పడదు. 1959లో రెండు రోజుల్లో, మార్చి 2న, ఏప్రిల్ 22న, రికార్డింగ్ అయిపోయింది. ఇంత చేసినా నచ్చకపోతే వదిలేయ్, కేసేం పెట్టరు.

ప్రశ్న: సార్, ప్రతి లిస్టులోనూ అవే పది ఆల్బమ్‌లు ఉంటాయి, యాప్ కూడా వాటినే తిప్పి తిప్పి చూపిస్తుంది. ఎవరూ పట్టించుకోని మంచి రికార్డులు ఎలా పట్టుకోవాలి? (డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు)

జవాబు: లిస్టులు మూసేయమ్మా, రికార్డు అట్ట వెనక వాయించినోళ్ళ పేర్లు చదువు. మన దగ్గర కచేరీకి పోయే పెద్దోళ్ళు పక్కన మృదంగం ఎవరని ముందే అడిగేవాళ్ళు చూడు, జాజ్‌లోనూ ఆ లెక్కే పని చేస్తుంది. ముందు పేరు ఎవరిదైనా కానీ, నీకు నచ్చిన బాస్ వాయించేవాడో డ్రమ్మరో ఇంకెవరి దగ్గర వాయించాడో పట్టుకోని పోతా ఉండు. యాప్‌లలో ఆ పేర్లు సరిగ్గా చూపించరు (నాకు వాటి మీద ఉన్న పెద్ద కోపం ఇదే), డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్‌లో ఆల్బం పేరు కొడితే ఎవరెవరు వాయించారో వస్తుంది.

ఉదాహరణకి పైన చెప్పిన పాల్ ఛాంబర్స్‌నే తీసుకో. ఆయన్ని పట్టుకోని పోతే పియానో వాయించే సోనీ క్లార్క్ 1958లో చేసిన 'కూల్ స్ట్రట్టిన్' తగులుతుంది. సొంత దేశంలో పెద్దగా అమ్ముడుపోలేదు, జపాన్ వాళ్ళు మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. క్లార్క్ 1963లోనే పోయాడు, 31 ఏళ్ళకే.

నాకు ఇంకా కడుపు మండే కథ టీనా బ్రూక్స్‌ది. పేరు చూసి ఆడమనిషి అనుకోవద్దు, మగాయనే, టెనర్ సాక్సోఫోన్. 1960 జూన్ 19న ఫ్రెడ్డీ హబ్బర్డ్ అనే కుర్ర ట్రంపెట్ ఆయన మొదటి ఆల్బం 'ఓపెన్ సెసమీ' రికార్డ్ చేస్తుంటే అందులో టీనా వాయించాడు, టైటిల్ ట్యూన్ కూడా టీనాదే. సరిగ్గా ఆరు రోజులకి, జూన్ 25న, టీనా ఆల్బం 'ట్రూ బ్లూ'లో హబ్బర్డ్ వాయించాడు. హబ్బర్డ్ పెద్దోడైపోయాడు, టీనా సొంత పేరు మీద ఆయన బతికుండగా బయటికొచ్చింది మాత్రం ఆ 'ట్రూ బ్లూ' ఒక్కటే. మిగతా మూడు రికార్డింగులు బ్లూ నోట్ అనే రికార్డుల కంపెనీ బీరువాలోనే ఉండిపోయాయి, అందులో 'బ్యాక్ టు ద ట్రాక్స్'కి కేటలాగ్ నంబర్ కూడా ఇచ్చి ఆపేశారు. ఆయన 1974లో పోయాడు. 'ట్రూ బ్లూ' వినమ్మా, ఆ టోన్‌లో ఒక దిగులు ఉంటుంది, అరిచి చెప్పడు. లిస్టులు రాసేవాళ్ళ మీద నాకు నమ్మకం పోయింది ఇట్లాంటివి చూసే.

ఇట్లా దాగిపోయిన పాత టేపులు బీరువాల నుంచి ఇప్పటికీ వస్తానే ఉన్నాయి. పియానో వాయించే థెలోనియస్ మంక్, కోల్‌ట్రేన్ కలిసి 1957లో కార్నెగీ హాల్‌లో వాయించిన టేపు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 2005లో దొరికింది, అదే ఏడాది రికార్డుగా వచ్చింది. మంక్ అంటే భయపడేవాళ్ళకి కూడా ముందు అదే ఇస్తాను నేను.

ప్రశ్న: మా నాయనకి సాక్సోఫోన్ అంటే కద్రి గోపాల్‌నాథ్ ఒక్కరే. జాజ్ పెడితే లేచి పోతాడు. ఇద్దరం కలిసి కూర్చుని వినేదేమైనా ఉందా? (మదనపల్లె)

జవాబు: ఉంది. రుద్రేశ్ మహంతప్ప అనే అమెరికా ఆల్టో సాక్సోఫోన్ ఆయన గోపాల్‌నాథ్ గారితోనే కలిసి 'కిన్స్‌మెన్' అని చేశాడు, 2008లో వచ్చింది. రెండు ఆల్టోలూ తగులుకున్న చోట ఎవరిది ఏదో మీ నాయన ఇట్టే చెప్పేస్తారు, మీరు తడబడతారు, పందెం కాయండి. ఇంకొకటి, మీకు బెంగళూరు దగ్గరే కదా, అక్కడి కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ వాళ్ళతో ఛార్లీ మేరియానో అనే అమెరికా సాక్సోఫోన్ ఆయన 1983లో 'జ్యోతి' చేశాడు, పాడింది ఆర్.ఎ. రమామణి. ఈ మేరియానో నాగస్వరం కూడా నేర్చుకున్న మనిషి, ఆ మాట ముందే చెప్పండి, మీ నాయన లేచి పోకుండా కూర్చుంటారు.